నడుంనొప్పి దొంగ

ఆ ఉదయం పళ్లు తోముకుంటూనే మ్యాపులాయన రోజంతటి కార్యక్రమం ఖాయం చేసుకున్నాడు. పడక్కుర్చీని వీధి కిటికీ పక్కకి లాక్కోవాలి. కాళ్ల కింద పీట, నడుం వెనక దిండు, చేతికందేంత దూరంలో ఫ్లాస్కు నిండా టీ, డబ్బాడు బిస్కెట్లు. ఆపైన చదువుకోవాలి. అన్నం తిని మళ్లీ చదువుకోవాలి. ఒక మనిషి ఇంతకన్నా నిరపాయంగా సెలవు గడపడం సాధ్యం కాదని ఆయన నమ్మకం.

సర్వే ఆఫీసులో పటాలు గీయడం ఆయన ఉద్యోగం. అందుకే వీధిలో అందరికీ మ్యాపులాయన. ఊళ్ల పొలిమేరలూ కాలువల వంకరలూ సన్నటి కలంతో గీసి గీసి సాయంత్రానికి నడుం కొయ్యబారిపోయేది. ఇంటికి రాగానే నవల తెరిచేవాడు. బస్సులో చదివేవాడు, క్షవరం చేయించుకుంటూ చదివేవాడు. కొత్తల్లుడిగా అత్తగారింటికి వెళ్లినప్పుడు భోజనానికి లేవమంటే "ఈ అధ్యాయం కానివ్వండి" అన్నాడని బావమరదులు ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. ఇష్టమైన నవలల్ని ఏటా ఒకసారి మళ్లీ చదివేవాడు. చుట్టాలిళ్లకి వెళ్లొచ్చినంత తృప్తి అట, పైగా వాళ్లు తిరిగి మనింటికి రారు.

అన్ని నవలల్లోకీ ఒక్కటి మాత్రం ఆయనకి కొరకరాని కొయ్యగా మిగిలిపోయింది. మూడు సంపుటాల నవల అది. సముద్రం ఒడ్డున దీపస్తంభం, దానికో ముసలి కాపలాదారు, అతనికి ముగ్గురు కూతుళ్లు. తుఫాను రాత్రి ఎవరో దీపం ఆర్పేస్తారు, ఓడ మునిగిపోతుంది. ఆర్పింది ఎవరు? ఇది తెలుసుకుందామని ఎన్నిసార్లు మొదలుపెట్టినా, రెండో సంపుటం నడుమకి వచ్చేసరికి ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. చుట్టాలో, చందాలవాళ్లో, గ్యాస్ బండవాడో. తేరుకుని మళ్లీ పుస్తకం పట్టేసరికి పాత్రలన్నీ కలగాపులగం అయిపోయేవి, మళ్లీ మొదటి పేజీ నుంచి ఎత్తుకోవాల్సి వచ్చేది.

ఈసారి అలా కాకూడదని పట్టుదలగా సెలవు అడిగాడు. ఆఫీసరుగారు కాగితం మీంచి తలెత్తి, "ఊరెళ్తున్నారా, ఊళ్లోనే ఉంటారా?" అన్నారు.

"ఊరెళ్తున్నాను సార్. మా వదినగారింటికి."

"అయితే సరే. ఊళ్లో ఉండేవాడికి సెలవెందుకండీ? ఇంట్లో కూర్చునేదేదో ఇక్కడే కూర్చోవచ్చు," అంటూ సంతకం పెట్టారు.

మ్యాపులాయన భార్య ఆసుపత్రిలో నర్సు. కూతుర్ని తీసుకుని అక్కగారింటికి బయల్దేరుతున్న మనిషి ఆవిడే. మొగుడు రానంటే ఆవిడ బతిమాలలేదు. "వచ్చినా అక్కావాళ్ల హాల్లో పుస్తకంలో మొహం పెట్టుకుని కూర్చుంటారు. పిలిస్తే పలకరు. దానికన్నా మీరిక్కడే ఉండండి, నా పరువైనా దక్కుతుంది," అంది.

"అయితే ఒక్క సాయం చెయ్యి. బయట తాళం వేసి వెళ్లిపో. అప్పుడింక ఎవడూ తలుపు తట్టడు."

"మనిషిని లోపల పెట్టి తాళమా!"

"పెరటి గుమ్మం ఉందిగా. గడియ నా చేతిలోనే ఉంటుంది."

ఆవిడ నవ్వి, తాళం వేసి, తాళంచెవి పర్సులో పడేసుకుంది. కిటికీ సందులోంచి, "గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, నడుం పట్టేస్తుంది," అని హెచ్చరించింది కూడా. అంతవరకూ బాగానే ఉంది. వెళ్తూ వెళ్తూ పక్కింటి గేటు దగ్గర ఆగి, "అందరం ఊరెళ్తున్నాం పిన్నిగారూ, ఆయన ముందే వెళ్లారు. ఇల్లు కాస్త కనిపెట్టి ఉండండి," అంది. ఆ చివరి ముక్క అనకపోయినా పోయేది.

ఎందుకంటే పక్కింటి పిన్నిగారు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం ఆవిడకి ఉద్యోగంతో అబ్బి, పింఛనుతో స్థిరపడిన అలవాటు. చెవులు ఇంకా పాముచెవులే. ఒకరు కనిపెట్టి ఉండమన్నాక ఆవిడకి కాలు నిలుస్తుందా? నీళ్ల డబ్బా పుచ్చుకుని, మ్యాపులాయన కిటికీకి దగ్గరగా ఉన్న మొక్కలకే పదేపదే నీళ్లు పోయసాగింది.

లోపల మ్యాపులాయన ఫోను ఆపేసి, కిటికీ రెక్కలు దగ్గరగా వేసి, సన్నటి వెలుతురు పుస్తకం మీద పడేలా కుర్చీ సర్దుకున్నాడు. ప్రశాంతంగా ఉంది. మొదటి సంపుటం కిందటి వారమే పూర్తి చేసి ఉంచుకున్నాడు కాబట్టి నేరుగా రెండోదే తెరిచాడు. కథ పాకంలో పడింది. తుఫాను లేచింది. చిన్న కూతురు దీపస్తంభం మెట్లెక్కుతోంది. పైన గదిలో ఎవరో ఉన్నారు. గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"వద్దే! తలుపు తియ్యకే తల్లీ!" అని మ్యాపులాయన ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

కిటికీ అవతల నీళ్ల డబ్బా కింద పడింది.

పిన్నిగారు ఊపిరి బిగబట్టి గోడకి చెవి ఆనించింది. ఇంటికి తాళం ఉంది. ఇంటివాళ్లు ఊళ్లో లేరు. లోపల మగ గొంతు. ఆవిడ పెదాలు తడుపుకునేలోపే లోపలి గొంతు మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి మరీ కోపంగా: "ఆ రెండోదాన్ని నమ్మకు! మహా గుండెలు తీసిన మనిషి అది!"

"అంటే ఆడవాళ్లు కూడా ఉన్నారన్నమాట," అనుకుంది పిన్నిగారు. మాట్లాడేవాడొకడు, తలుపు తియ్యబోయేదొకతె, రెండోదొకతె. ఆవిడ నేరుగా ఎదురింటి టైలరు దగ్గరికి పరిగెత్తి, "ముగ్గురు దొంగలు! ఒకడు నాయకుడు!" అంది. టైలరు గజంబద్ద పట్టుకుని బయటికొచ్చాడు. ఆ వార్త వీధి మొదటికి వెళ్లి తిరిగొచ్చేసరికి దొంగలు ఆరుగురయ్యారు, వాళ్ల దగ్గర తాళ్ల నిచ్చెన కూడా ఉన్నట్టు తేలింది.

"ఎవర్రా లోపల?" అని టైలరు గజంబద్దతో కిటికీ మీద కొట్టాడు.

మ్యాపులాయన గతుక్కుమన్నాడు. అప్పుడే చెప్పేసి ఉంటే సరిపోయేది. "నేనేనండీ" అంటే రెండు నవ్వులతో పోయేది. కానీ చెప్తే పిన్నిగారు లోపలికి వస్తుంది, వస్తే కూర్చుంటుంది, కూర్చుంటే చీకటి పడుతుంది. చప్పుడు చేయకుండా ఉంటే వాళ్లే విసిగి పోతారులే అని, కళ్లద్దాలు తీసి పుస్తకంలో గుర్తుగా పెట్టి, మెల్లిగా నేల మీదికి జారాడు. జారుతూ జారుతూ ఫ్లాస్కు మూత తన్నాడు. అది గది నాలుగు మూలలూ తిరిగి ఖంగుమంది.

"విన్నారా! బీరువా పగలగొడుతున్నారు!" అంది పిన్నిగారు.

ఎవరో పోలీసులకి కబురు పెట్టారు. పిన్నిగారు మాత్రం తనకి తెలిసిన పని తాను చేసింది. మ్యాపులాయనకి ఫోను చేస్తే కలవలేదు. ఆయన ఆఫీసుకి చేసి ఆఫీసరుగారికి చెప్పింది. ఆ తర్వాత ఆయన భార్య నర్సమ్మకి చేసింది. బస్సు రొద మధ్య ఆవిడ మాట సరిగ్గా వినబడక, పిన్నిగారు పాత అలవాటు కొద్దీ ప్రతి ముక్కా పైకి వల్లించసాగింది. జనం చుట్టూ మూగారు. కిటికీ కింద నేల మీద పడుకుని మ్యాపులాయన కూడా విన్నాడు.

"అమ్మా, మీ ఇంట్లో దొంగలు పడ్డారు! ఒక మగాడి గొంతు నా చెవులారా విన్నాను... ఏంటీ? కంగారు పడొద్దా? ... కొట్టొద్దా? ఎవర్ని? దొంగనా? ... అయ్యో, అతనికి నడుం నొప్పా?"

టైలరు ఎత్తిన గజంబద్ద దించాడు.

"గట్టిగా అరవొద్దంటోంది. బీపీ ఉందట. ... ఏంటమ్మా? టీ తాగాడో లేదో అడగాలా? ఎవర్నమ్మా? ... కట్టయిపోయింది," అని పిన్నిగారు ఫోను చెవి మీంచి తీసి, అందరి వంకా అదోలా చూసింది. "తాళం వేసిన ఇంట్లో దూరినవాడి నడుం సంగతి ఈ పిల్లకెలా తెలుసు?"

 ఇంక లాభం లేదు, నిజం చెప్పేయాల్సిందే అని మ్యాపులాయన మోకాళ్ల మీద లేచాడు. నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బయట ఆటో ఆగిన చప్పుడు, వెంటనే ఆఫీసరుగారి గొంతు వినిపించాయి. "మా ఆఫీసులో అంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడండీ. పాపం, ఊరెళ్లిన వేళ చూసి..."

మ్యాపులాయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఇప్పుడు మిగిలింది పెరటి గుమ్మం ఒక్కటే. చొక్కా ఎడాపెడా తగిలించుకుని, ఊరి నుంచి తిరిగొస్తున్నట్టు కనపడాలని చేతికందిన సంచీ లాక్కుని, పెరట్లోకి పాకాడు. గోడ ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాడు. అవతలికి దిగబోతుంటే నడుం కలుక్కుమంది. కాసేపు గోడ మీద బట్ట ఆరేసినట్టు వేలాడి, ఆ తర్వాత పిన్నిగారి వంగ మొక్కల్లోకి పడ్డాడు. అదృష్టం కొద్దీ ఊరంతా ముందు గుమ్మం దగ్గరే ఉంది. లేచి, దులుపుకుని, సందు చుట్టూ తిరిగి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని వీధి మొదట ప్రత్యక్షమయ్యాడు.

"అరె, మీరొచ్చేశారేంటి?" అన్నారు ఆఫీసరుగారు.

"మనసెందుకో కీడు శంకించింది సార్. దార్లోనే బస్సు దిగిపోయాను."

ఆఫీసరుగారు ఆ మాటకి కరిగిపోయారు. కానీ ఆయన చూపు సంచీ మీద పడింది. అది గులాబీ రంగు సంచీ. దాని మీద టోపీ పెట్టుకున్న కుందేలు బొమ్మ ఉంది. "ఊరికి దీంతోనేనా బయల్దేరారు?"

"పాప సంచీ సార్. కంగార్లో... మారిపోయింది."

ఈలోగా హెడ్డు కానిస్టేబుల్‌గారు వచ్చారు. లావుపాటి మనిషి, నిద్రకళ్లు, దేనికీ తొందరపడరు. తాళంచెవి అడిగితే మ్యాపులాయన జేబులు తడుముకుని, మా ఆవిడ దగ్గరుండిపోయిందన్నాడు. సొంత ఇంటి తాళం తన ఎదుటే పగలగొట్టిస్తుంటే, "కాస్త మెల్లిగానండీ" అనడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. తలుపు తెరుచుకోగానే టైలరు గజంబద్ద ఎత్తి అందరికన్నా వెనక నిలబడ్డాడు.

లోపల ఎవరూ లేరు. పెరటి గుమ్మం బార్లా తెరిచి ఉంది.

హెడ్డుగారు గది మధ్యలో నిలబడి నెమ్మదిగా చుట్టూ చూశారు. "టీ తాగాడు," అన్నారు. "బిస్కెట్లు తిన్నాడు. చెప్పులు విప్పి పీట మీద కాళ్లు పెట్టుకున్నాడు." కుర్చీలోంచి దిండు ఎత్తి చూపించారు. "ఇది నడుం వెనక పెట్టుకున్నాడు."

"నడుం నొప్పి!" అని గుమ్మం దగ్గర జనం ఒక్క గొంతుతో అన్నారు.

"ఇంత స్థిమితంగా దొంగతనం చేసినవాణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు," అన్నారు హెడ్డుగారు. "ఏం పోయిందో చూసుకోండి."

"ఏమీ పోలేదండీ. అన్నీ ఉన్నాయి. మనం కేసు వదిలేద్దాం."

హెడ్డుగారు కుర్చీలో ఉన్న పుస్తకం తీశారు. మధ్యలో కళ్లద్దాలు. ఆఫీసరుగారు ముందుకి వంగి, "ఈ అద్దాలు అచ్చం మీవాటిలాగే ఉన్నాయే!" అన్నారు.

"ఈ మధ్య అందరూ ఈ రకమే పెట్టుకుంటున్నారు సార్."

"మరి మీవేవీ?"

"బస్సులో పోయాయి సార్," అంటూ మ్యాపులాయన ఆఫీసరుగారనుకుని కొక్కేనికి వేలాడుతున్న కోటుకి చెప్పాడు.

హెడ్డుగారు అద్దాలు పక్కన పెట్టి, దొంగ ఎక్కడ దాకా వచ్చాడో చూద్దామన్నట్టు ఆ పేజీ చదివారు. పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. జనం ఎదురుచూశారు. పిన్నిగారు దగ్గింది. హెడ్డుగారు తల ఎత్తకుండానే కుర్చీలోకి దిగి, దిండు సర్దుకుని మరో నాలుగు పేజీలు తిప్పారు. చివరికి పుస్తకం టపీమని మూసి, "ఇది సాక్ష్యం. స్వాధీనం చేసుకుంటున్నాను," అన్నారు. బీరువా పైన మొదటి, మూడో సంపుటాలు కనిపిస్తే అవీ చంకలో పెట్టుకున్నారు. కళ్లద్దాలు జేబులోకి వెళ్లాయి.

"అయ్యా, ఆ పుస్తకాలు నావండీ. దొంగవి కావు."

"దొంగ ముట్టుకున్నాడు కదా. చట్టం చట్టమే."

వెళ్తూ ఆఫీసరుగారు మ్యాపులాయన భుజం తట్టి, "పోనీలెండి, ఎలాగూ వెనక్కి వచ్చేశారుగా. రేపు ఆఫీసుకి వచ్చేయండి," అన్నారు.

సాయంత్రం ఎండ తగ్గకముందే నర్సమ్మ కూతురితో సహా హడావుడిగా తిరిగొచ్చింది. వీధిలో ఎవరూ ఎప్పటిలా పలకరించలేదు. పిన్నిగారు మాత్రం గేటు మీద చేతులు వేసి, "ఏమ్మా, అతనికి నడుం ఎలా ఉందట?" అంది. నర్సమ్మ ఎర్రబడిన మొహంతో ఇంట్లోకి వచ్చింది. పగిలిన తాళం వంకా, మంచం మీద బోర్లా పడుకున్న మొగుడి వంకా చూసింది.

"లేచి కూర్చోండి."

"లేవలేను. గోడ దగ్గర పట్టేసింది."

"నన్ను వీధి వీధంతా ఎలా చూస్తోందో తెలుసా? నడుం నొప్పి ఉన్న మగాడెవడా అని ఒక్కొక్కణ్ణీ నడిపించి చూసుకుంటున్నారు. టైలరుగారి భార్య ఆయన్ని వంగి చెప్పులేసుకోమందట. ఆయన వంగలేక అబ్బా అన్నాడట. ఇప్పుడా ఇంట్లో పెద్ద గొడవ! మిషను మీద కూర్చునేవాడికి నడుం నొప్పి ఉండదా?"

"నువ్వు నా నడుం ఊసెత్తకుండా ఉండాల్సింది."

"లోపలున్నది మీరేనని చెప్తే ఆఫీసరుకి తెలిసిపోతుంది, చెప్పకపోతే మిమ్మల్ని గజంబద్దతో కొడతారేమోనని గుండె ఆగిపోయింది నాకు!" అంది ఆవిడ. ఆ తర్వాత నొప్పి మందు తెచ్చి మొగుడి నడుంకి రాయడం మొదలుపెట్టింది. కాస్త గట్టిగానే రాసింది. "రేపు పొద్దున్నే స్టేషనుకి వెళ్లి, దొంగని నేనేనని చెప్పండి. వీధిలో ఎంత నవ్వులపాలైనా సరే, ఆఫీసరు ఏమన్నా సరే."

మ్యాపులాయన సరేనన్నాడు. నవలల్లో అయితే భార్య పరువు కోసం కొండల మీంచి దూకినవాళ్లని చాలామందిని చూశాడు. తాను దూకాల్సింది ఒక బల్ల ముందు కుర్చీలోకే.

తెల్లవారి స్టేషనుకి వెళ్లేసరికి హెడ్డుగారు ఒక్కరే ఉన్నారు. బల్ల మీద టీ గ్లాసు, దాని మీద మీగడ కట్టింది. ఆయన మొహం మొదటి సంపుటం వెనక ఉంది.

"అయ్యా, నేను నేరం ఒప్పుకోవడానికి వచ్చాను."

"కూర్చోండి. ఈ పేరా అయిపోనివ్వండి," అన్నారు హెడ్డుగారు.

మ్యాపులాయన కూర్చున్నాడు. ఆ మాట చెవిన పడగానే, తన నోటితో ఎందరిని అలా కూర్చోబెట్టాడో గుర్తొచ్చి, కొంచెం సర్దుకున్నాడు. పేరా అయింది. గొంతు సవరించుకుని మొత్తం చెప్పేశాడు. సెలవు, తాళం, అరుపు, గోడ, వంగ మొక్కలు, అన్నీ.

హెడ్డుగారు ఆశ్చర్యపోలేదు. "నిన్ననే తెలుసండీ నాకు. టీ తాగాడో లేదోనని ఆరా తీసేంత బెంగ పెళ్లానికి మొగుడి మీద ఉంటుంది గానీ దొంగ మీద ఉంటుందా? పైగా మీ చొక్కా గుండీలు ఒక కాజా దాటి ఉన్నాయి. వీపు మీద వంగాకు ఉంది," అంటూ సొరుగులోంచి కళ్లద్దాలు తీసి ఇచ్చారు. "పెట్టుకోండి. గోడకి చెప్తున్నారు ఇంతసేపూ."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?"

"అందరి ముందా? మీ ఆఫీసరున్నాడు. మనిషికి పరువుండదా?"

మ్యాపులాయన రెండు చేతులూ జోడించాడు. "అయితే కేసు మూసేయండి. మా ఆవిడ గురించి నాలుగు మాటలు వీధిలో చెప్పండి, చాలు. నా పుస్తకాలు తీసుకుని వెళ్తాను."

హెడ్డుగారి మొహం మారిపోయింది. సంపుటాన్ని మెల్లిగా తన వైపుకి జరుపుకున్నారు. "మీ ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. కేసు మాత్రం మూయడం కుదరదు."

"నేను ఒప్పుకుంటున్నాను కదండీ!"

"అదేనండీ చిక్కు. మీరు ఒప్పుకుంటే కేసు మూయాలి. మూస్తే సాక్ష్యం తిరిగిచ్చేయాలి. నేనింకా మొదటి భాగంలోనే ఉన్నాను. నిన్న మీ ఇంట్లో రెండోది మధ్య నుంచి చదివి బుద్ధి తక్కువ పని చేశాను, అందుకే మొదటినుంచీ వస్తున్నాను." ఆయన గొంతు తగ్గించారు. "మా ఇంట్లో అయిదుగురం. చదువుకుందామని కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు. ఇక్కడైతే ఎదురుగా సాక్ష్యం పెట్టుకుంటే ఎవడూ మాట్లాడడు. మీరు చదివేవాళ్లు, మీకు చెప్పక్కర్లేదు."

మ్యాపులాయనకి నిజంగానే చెప్పక్కర్లేకపోయింది. ఇద్దరూ బల్ల మీది మూడు సంపుటాల వంకా చూశారు.

"మీరు మొదటిది చదువుతున్నారు కదా," అన్నాడు మ్యాపులాయన, బహు మర్యాదగా. "రెండోది ఊరికే ఉంది."

"స్టేషను దాటి బయటికి వెళ్లడానికి వీల్లేదు మరి."

"బయటికెందుకండీ, ఆ బెంచీ ఉందిగా."

ఆ మధ్యాహ్నమే హెడ్డుగారు వీధికి వచ్చి, అందరూ వింటుండగా పిన్నిగారికి వివరించారు. తాళం వేసిన ఇంట్లో గోడ దూకి పడినవాడికి నడుం పట్టక మానదనీ, నర్సమ్మ వైద్యం తెలిసిన మనిషి కాబట్టి బస్సులో ఉండగానే పసిగట్టిందనీ, అలాంటి బుర్ర పోలీసుల్లో కూడా అరుదనీ అన్నారు. పిన్నిగారు అరగంటలో ఆ మాటని వీధంతటికీ కలిపేసింది. సాయంత్రానికి టైలరు భార్య మొగుణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి నర్సమ్మకి నడుం చూపించింది. మర్నాటికి ఆ గుమ్మం ముందు నడుం నొప్పుల వాళ్లు వరసగా కూర్చున్నారు.

మ్యాపులాయన మాత్రం రోజూ ఆఫీసు వదలగానే నేరుగా స్టేషనుకి వెళ్లి, చీకటి పడేవేళకి ఇల్లు చేరుతున్నాడు. బెంచీ మీద నడుం వెనక పెట్టుకోవడానికి భార్య ఒక దిండు కూడా ఇచ్చి పంపింది. "పాపం, ఇల్లు దోపిడీ అయింది చాలక, రోజూ పిలిపించి నెత్తురు తాగుతున్నారు," అని ఆఫీసరుగారు జాలిపడి, ఆయన్ని గంట ముందే వదిలేయసాగారు. ఒకరోజు పిన్నిగారు ఉండబట్టలేక స్టేషనుకే వెళ్లి, దొంగల ముఠా కేసు ఎంతవరకూ వచ్చిందని నిలదీసింది. హెడ్డుగారు పేజీలో వేలు పెట్టి, తలెత్తి, దర్యాప్తు చాలా కీలకమైన ఘట్టంలో ఉందని చెప్పారు.

అందులో అబద్ధమేమీ లేదు.